ఫెదరింగ్ ప్రొపెల్లర్‌కి పిచ్ ఎంత పెట్టాలి? ఇంజన్ 2,900 దాటడం లేదు, నల్ల పొగ వస్తోంది

తెరచాప_తిరుపతి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా బావ నేవీలో రిటైరై కొచ్చిలో స్థిరపడ్డారు. రెండేళ్ళ కిందట ఇద్దరం కలిసి 32 అడుగుల పాత తెరచాప పడవ కొన్నాం. బోల్గాటి దీవి దగ్గర మెరీనాలో ఉంటుంది. నేను నెలకోసారి కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయి వస్తుంటాను.

ఇంజన్ యాన్మార్ 3వైఎం30. 3 సిలిండర్లు, 29 హెచ్‌పీ, 3,600 ఆర్‌పీఎం. గేర్‌బాక్స్ 2.62కి 1. ఇదివరకు మామూలు ప్రొపెల్లర్ ఉండేది, 15 అంగుళాల వ్యాసం, 11 అంగుళాల పిచ్ (నీళ్ళు జారకపోతే ఒక్క చుట్టుకి ముందుకు పోయే దూరం). దాంతో ఇంజన్ సులువుగా 3,500 దాకా పోయేది. కానీ తెరచాప ఎత్తి ఇంజన్ ఆపాక ఆ ప్రొపెల్లర్ నీళ్ళలో అడ్డంగా నిలబడి పడవని వెనక్కి పట్టి లాగుతుంది. గాలి తక్కువున్న రోజు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే పోయిన నెల 16 అంగుళాల 3 రెక్కల ఫెదరింగ్ ప్రొపెల్లర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇంజన్ ఆపితే దీని రెక్కలు నీటి వరసలోకి తిరిగిపోతాయి, అడ్డం తగలవు. మ్యాక్స్‌ప్రాప్, పాత మోడల్, హబ్ (రెక్కలు కూర్చునే మధ్య భాగం) విప్పితేనే పిచ్ మార్చగలం.

బిగించాక తెరచాప మీద పడవ చాలా బాగా పోతోంది. ఇంజన్ మాత్రం ఏడుస్తోంది. లివర్ పూర్తిగా నెట్టినా 2,900 దాటడం లేదు. నల్ల పొగ. పడవ వెనక తెల్ల పెయింట్ మీద ఎగ్జాస్ట్ పక్కన అరచేయంత మసి మరక పడింది. బావ దాన్ని తుడిచి తుడిచి విసిగిపోయారు. పిచ్ ఎక్కువైందని అనుకుంటున్నాం. ఎంత తగ్గించాలి? ఊరికే విప్పి చూసుకోవడానికి కుదరదు, ప్రతిసారీ పడవని క్రేన్‌తో పైకెత్తించాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

పీలేరు_ఆయిల్ఇంజన్:
అన్నా, నాకు పడవల గురించి తెలియదు, సముద్రం చూసిందే రెండుసార్లు. కానీ మీ కథ మా నాయన బావి దగ్గర జరిగిన కథే.

మాకు వేరుశనగ చేనులో 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజన్ ఉండేది, 1,500 ఆర్‌పీఎం. పంపుకి 6 అంగుళాల పుల్లీ. నీళ్ళు ఇంకా జోరుగా రావాలని మా నాయన ఎవరో చెబితే 5 అంగుళాల పుల్లీ వేయించాడు. పుల్లీ చిన్నదైతే పంపు 1.2 రెట్లు వేగంగా తిరుగుతుంది. అంతే కదా అనుకున్నారు. కానీ ఇలాంటి పంపు తీసుకునే బలం వేగానికి ఘనంగా పెరుగుతుంది. 1.2ని మూడుసార్లు గుణిస్తే 1.73. అంటే ఇంజన్ మీద భారం దాదాపు ముప్పావు వంతు పెరిగింది. ఇంజన్ దడదడ కొట్టుకుంటూ 1,500కి రానేలేదు. షెడ్ పక్కన బెంగళూరా మామిడి చెట్టుంటే ఆ వైపు ఆకులన్నీ నల్లగా మసి పట్టాయి. చేత్తో రుద్దితే కాటుకలాగా అంటేది. ఒక్క సీజన్‌కే హెడ్ గాస్కెట్ పోయింది.

పాత పుల్లీ వేశాక ఇంజన్ మళ్ళీ గుక్క తిప్పుకుంది. మీ ప్రొపెల్లర్ కూడా పెద్ద పంపే అనిపిస్తోంది నాకు.

సెకండ్ఇంజనీర్_చిత్తూరు:
పీలేరు అన్న చెప్పింది సరిగ్గా అసలు విషయమే. ప్రొపెల్లర్ కూడా దాదాపు అదే లెక్కన బలం తీసుకుంటుంది. నేను సరుకు ఓడల్లో పని చేస్తాను, ప్రస్తుతం సెలవు మీద చిత్తూరులో ఉన్నాను.

తిరుపతి అన్నా, పిచ్ ముట్టుకోకముందు కొన్ని పనులు చెయ్యండి. లేకపోతే ఇంకెక్కడో ఉన్న జబ్బుకి ప్రొపెల్లర్ మీద వైద్యం చేసినవాళ్ళవుతారు.

మొదట, ఆర్‌పీఎం చూపించే డ్యాష్‌బోర్డ్ టాకోమీటర్‌ని నమ్మొద్దు. ఆల్టర్నేటర్ నుంచి సిగ్నల్ తీసుకునేవి వంద రెండొందలు తప్పు చూపించడం మామూలే. క్రాంక్ పుల్లీ మీద రిఫ్లెక్టర్ స్టికర్ ముక్క అంటించి లేజర్ టాకోతో కొలవండి.

తర్వాత న్యూట్రల్‌లో పెట్టి లివర్ పూర్తిగా నెట్టి చూడండి. లోడ్ లేకుండా 3,600 పైకి పోవాలి. పోకపోతే లివర్ కేబుల్ పూర్తిగా లాగడం లేదో, ఫ్యుయల్ ఫిల్టర్ మూసుకుందో చూడాలి. ఒక గుర్తు చెబుతాను: డీజిల్ అందక స్పీడ్ రాకపోతే నల్ల పొగ రాదు. నల్ల పొగ వస్తోందంటే డీజిల్ ఎక్కువగానూ గాలి తక్కువగానూ ఉందని. అది ఓవర్‌లోడ్ కావచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుని ఉండొచ్చు, ఎగ్జాస్ట్‌లో అడ్డం ఉండొచ్చు.

మూడోది పడవ అడుగు. గుల్లలు పట్టి ఉంటే ఏ కొలతా పనికిరాదు.

ఇవన్నీ తేలాక లోతైన చోట, అలలు లేనప్పుడు, పడవ నడుస్తుండగా కొలవండి. జెట్టీకి కట్టేసి కొలవొద్దు. కట్టిన పడవలో ప్రొపెల్లర్‌కి ఎదురొచ్చే నీరుండదు, లోడ్ ఎక్కువ పడి ఆర్‌పీఎం తక్కువ చూపిస్తుంది.

తెరచాప_తిరుపతి:
చాలా థ్యాంక్స్ సార్. ఈ వారం బావతో చేయించాను, ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని ప్రతిదీ చూశాను.

న్యూట్రల్‌లో 3,800. గేర్‌లో, నడుస్తుండగా లేజర్ టాకో 2,840 చూపించింది, డ్యాష్ మీద అప్పుడు 2,900 ఉంది. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. అడుగు పోయిన నెల ప్రొపెల్లర్ మార్చేటప్పుడే గీకి పెయింట్ వేశాం. స్పీడ్ 6.1 నాట్లు, అంటే గంటకి 11 కిలోమీటర్ల చిల్లర.

హబ్ మీద పాత సెట్టింగ్ గుర్తులు అరిగిపోయి చదవడానికి రావడం లేదు.

మదనపల్లె_మైలేజ్:
నాకు ఇందులో వేరే అభిప్రాయం ఉంది. కోపం తెచ్చుకోకుండా వినండి.

మీరు రోజూ 3,600 మీద నడుపుతారా? లేదు కదా. 2,000 మీద నడుపుతారు. మామూలు పిచ్‌తో 3,600 దగ్గర 29 హెచ్‌పీ తీసుకునే ప్రొపెల్లర్ 2,000 దగ్గర ఘనం లెక్కన 5 హెచ్‌పీనే తీసుకుంటుంది. ఇంజన్ ఆ స్పీడ్‌లో దానికి రెండు మూడు రెట్లు ఇవ్వగలదు. అంత బలం ఊరికే పడి ఉంటుంది. పిచ్ ఎక్కువ పెడితే తక్కువ ఆర్‌పీఎంలో అదే స్పీడ్ వస్తుంది, శబ్దం తక్కువ, డీజిల్ కూడా కొంచెం కలిసొస్తుంది. హైవే మీద టాప్ గేర్‌లో పోయినట్టు. కావాలనే ఇలా పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. పొగ వచ్చే దాకా లివర్ నెట్టకుండా ఉంటే చాలు.

సెకండ్ఇంజనీర్_చిత్తూరు:
మదనపల్లె సార్, మీ లెక్క తప్పని అనను. 2,000 దగ్గర ఖాళీ బలం ఉండే మాట నిజం. ఓడల్లో రెక్కల కోణాన్ని నడుస్తుండగానే మార్చగల ప్రొపెల్లర్లు పెట్టేది ఇందుకే. లోడ్‌ని బట్టి కోణం మార్చుకుంటాం. వీళ్ళది అలాంటిది కాదు. ఒడ్డున ఒక కోణంలో పెడితే ప్రశాంతంగా ఉన్న నీళ్ళలోనూ అదే, ఎదురుగాలిలోనూ అదే.

డీజిల్ ఇంజన్‌లో లివర్ నెట్టడమంటే నేరుగా డీజిల్ పోయడం కాదు. "నాకు ఇంత స్పీడ్ కావాలి" అని గవర్నర్‌కి, అంటే స్పీడ్‌ని బట్టి డీజిల్ పెంచీ తగ్గించే భాగానికి చెప్పడం. స్పీడ్ రాకపోతే గవర్నర్ డీజిల్ పెంచుతూనే పోతుంది. ప్రొపెల్లర్ పట్టు బిగిసి 2,840 దాటనివ్వకపోతే, గవర్నర్ మాత్రం 3,600 కావాలని పూర్తి డీజిల్ పోస్తుంది. అంత డీజిల్‌ని కాల్చడానికి ఆ స్పీడ్‌లో గాలి చాలదు. కాలనిదంతా మసి. ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, పిస్టన్ రింగులకీ వాల్వులకీ మసి పడుతుంది. లోడ్ ఎక్కిన బస్సుని తిరుమల ఘాట్‌లో నాలుగో గేర్‌లో లాగించి యాక్సిలరేటర్ అదిమినట్టు.

నీళ్ళు కదలనప్పుడు మీ మాట చెల్లుతుంది. కొచ్చి హార్బర్ ముఖద్వారం దగ్గర పోటు వెనక్కి లాగుతుంటే, ఎదురుగా గాలి కొడుతుంటే, పక్కన పెద్ద ఓడ వస్తుంటే, అప్పుడు ఆయనకి 29 హెచ్‌పీ కావాలి. ఆ 29 ఉన్నది 3,600 దగ్గరే. ఈ ప్రొపెల్లర్‌తో ఇంజన్ అక్కడికి చేరదు. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు అందని బలం ఇంజన్‌లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అడుగు శుభ్రంగా ఉండి, పడవలో సామాను మామూలుగా ఉన్నప్పుడు ఇంజన్ 3,600 అందుకోవాలి. గుల్లలు పట్టాక 100, 200 తగ్గినా అప్పటికీ సరిపోతుంది. 24 గంటలూ 2,000 దాటనని లివర్‌కి అడ్డం కట్టుకునేవాళ్ళకైతే మీ పద్ధతి వేరే మాట.

మదనపల్లె_మైలేజ్:
గవర్నర్ గురించి అంత వివరంగా ఎప్పుడూ ఆలోచించలేదు. హార్బర్ మాట ఒప్పుకుంటాను. నాది నదిలో తిరిగే పడవ, ఎదురుగాలికి భయపడే అవసరం రాలేదు. మీరిద్దరూ మాట్లాడండి, నేను చదువుతుంటాను.

పాకాల_లేత్:
ఇక లెక్కకి వద్దాం. నాకు పాకాలలో లేత్ షాపుంది, పిచ్ అనే మాట రోజూ నోట్లో ఉండేదే, అయితే థ్రెడ్ పిచ్.

మామూలు ప్రొపెల్లర్ రెక్క మెలి తిరిగి ఉంటుంది, మొదట్లో ఒక కోణం, చివర ఇంకో కోణం. మీ ఫెదరింగ్ రెక్క చదునుగా ఉంటుంది. నీళ్ళకి నేరుగా మళ్ళినప్పుడు అడ్డం తగలకూడదంటే చదునుగానే ఉండాలి. అందుకే దీనికి పిచ్‌ని అంగుళాల్లో కాకుండా డిగ్రీల్లో చెబుతారు. అంగుళాల్లోకి మార్చాలంటే మధ్య నుంచి 70 శాతం దూరంలో లెక్కేస్తారు. వ్యాసాన్ని 0.7తో, 3.1416తో గుణించి, కోణానికి టాంజెంట్‌తో గుణించాలి.

16 అంగుళాలకి:
18 డిగ్రీలు అంటే 11.4 అంగుళాలు.
20 డిగ్రీలు అంటే 12.8.
22 అంటే 14.2.
24 అంటే 15.7.

హబ్ గుర్తులు పోతే పోనీ. పడవ ఎత్తినప్పుడు రెక్కల్ని ముందుకు నడిచే స్థానంలో గట్టిగా తిప్పి పట్టుకుని, డిజిటల్ యాంగిల్ గేజ్ రెక్క మీద పెట్టి కొలవండి. షాఫ్ట్ వాలుగా ఉంటుంది కాబట్టి ముందు షాఫ్ట్ మీద పెట్టి సున్నా చేసుకోండి, కొలిచే రెక్క అడ్డంగా పక్కకి ఉండాలి. అప్పుడు గేజ్ చూపించేది షాఫ్ట్‌తో కోణం, దాన్ని 90లోంచి తీసేస్తే పిచ్ కోణం వస్తుంది. 3 రెక్కలూ కొలవాలి, ఒక్కదాంతో ఆపొద్దు.

నా అంచనా 24 చుట్టుపక్కల ఉంటుంది.

సూళ్ళూరుపేట_పడవ:
పడవ ఎత్తడానికి క్రేన్ ఖర్చు ఎందుకు? మా పులికాట్‌లో అయితే నీళ్ళు తీసిన చోట ఒరిగించి పని కానిచ్చేస్తాం.

తెరచాప_తిరుపతి:
ఆలోచించాం అన్నా. కొచ్చిలో పోటుకీ పాటుకీ తేడా మీటరు దాకానే. మా పడవకి కింద కీల్ (అడుగున నిలువుగా దిగే బరువైన భాగం) ఉంది, నీళ్ళలో దాదాపు 1.7 మీటర్లు దిగుతుంది. ఆ తేడాతో ప్రొపెల్లర్ బయటికి రాదు. ఎత్తించక తప్పదు.

ఇంకో సంగతి. సెకండ్ ఇంజనీర్ సార్ ఎగ్జాస్ట్‌లో అడ్డం అన్నారని మిక్సింగ్ ఎల్బో విప్పించాను. పొగలో సముద్రపు నీళ్ళు కలిసే చోటు. బొటనవేలు పట్టాల్సిన రంధ్రంలో చిటికెనవేలు కష్టంగా దూరింది, లోపలంతా గట్టి బొగ్గు. దాన్ని గీకి బిగించాక 2,900 వచ్చింది, లేజర్ మీద. అంటే 60 పెరిగింది. మిగతా 700 ప్రొపెల్లర్‌దే అని ఇప్పుడు గట్టిగా చెప్పొచ్చు కదా?

సెకండ్ఇంజనీర్_చిత్తూరు:
చెప్పొచ్చు. ఎల్బో విప్పినందుకు సంతోషం. ఆ మసిలో కొంత ఈ నెల రోజుల ఓవర్‌లోడ్‌దే అయి ఉంటుంది.

ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే మీలాంటి ఇంజన్ 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని మోటు లెక్క. 700 కావాలంటే 4 అంగుళాల చిల్లర తగ్గాలి. పాకాల అన్న అంచనా ప్రకారం ఇప్పుడు 15.7 ఉంటే 11.4కి రావాలి, అంటే 18 డిగ్రీలు. మీ పాత ప్రొపెల్లర్ 11 అంగుళాలతో 3,500 పోయిందన్నారు, దానికీ దీనికీ పొంతన కుదురుతోంది. వ్యాసం ఒక అంగుళం పెరిగితే దాదాపు 2 అంగుళాల పిచ్ పెరిగినట్టే, కానీ పాతది మెలి ఉన్న రెక్క, ఇది చదును. అందుకని అచ్చంగా పోల్చలేం.

ఇంకోలా కూడా చూద్దాం. 3,600ని 2.62తో భాగిస్తే షాఫ్ట్ నిమిషానికి 1,374 చుట్లు. 11.4 అంగుళాల పిచ్‌తో నీళ్ళు జారకపోతే 12.9 నాట్లు పోవాలి. మీ పడవ నీటి గీత దగ్గర 27 అడుగులుంటే దానికి చేతనైన వేగం 7 నాట్లు. అంటే సగానికి దగ్గరగా జారుడు. ఇలాంటి బరువైన తెరచాప పడవలకి అది మామూలే. అదే 15.7 పిచ్‌తో అయితే 17.7 నాట్లు, ఆ స్పీడ్ కోసం ఇంజన్‌ని హింసించడమే.

ఒక సందేహం. ఈ ప్రొపెల్లర్ ఇదివరకు ఏ గేర్‌బాక్స్‌తో ఉండేది?

తెరచాప_తిరుపతి:
అమ్మినాయన్ని అడిగాను. ఇంజన్ ఇలాంటిదే, గేర్‌బాక్స్ మాత్రం 3.22!

సెకండ్ఇంజనీర్_చిత్తూరు:
అదీ సంగతి. వాళ్ళ షాఫ్ట్ నిమిషానికి 1,118 చుట్లే తిరుగుతుంది. నెమ్మదిగా తిరిగే ప్రొపెల్లర్‌కి ఎక్కువ పిచ్ కావాలి. వాళ్ళ పడవకి ఆ కోణం నప్పి ఉంటుంది, మీ పడవకి నప్పలేదు.

పాకాల_లేత్:
హబ్ ఊడదీయడానికి పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టొద్దు. షాఫ్ట్ వెనక గేర్‌బాక్స్ బేరింగులున్నాయి. కొలతలు పంపండి, నేను చేసిస్తాను. చిత్తూరులో రైలుకి తెచ్చిస్తాను.

తెరచాప_తిరుపతి (నెల తర్వాత):
పని అయింది, మొత్తం చెబుతాను.

పాకాల అన్న చిత్తూరు స్టేషన్‌లో గోనెసంచిలో చుట్టి పుల్లర్ ఇచ్చారు. 9 కేజీలుంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

యార్డులో ఎత్తించగానే కొలిచాం. 3 రెక్కలూ 24. అన్న అంచనా అచ్చంగా. హబ్ విప్పితే మధ్యలో శంఖం లాంటి గేరు, దాని పళ్ళలో 3 రెక్కల పళ్ళూ కూర్చుని ఉన్నాయి. పాత గ్రీజు పసుపుపచ్చగా గట్టిపడి ఉంది, అందులో గుర్రపుడెక్క వేళ్ళ పీచు చుట్టుకుని ఉంది. కిరోసిన్‌తో కడిగి, విప్పకముందే ప్రతి భాగానికీ మార్కర్‌తో గుర్తులు పెట్టుకున్నాం.

బావ ముందు 20 పెడదామన్నారు, మరీ తగ్గిస్తే పడవ కదలదేమోనని ఆయన భయం. నేను ఎదురు చెప్పలేదు. బిగించాక పాకాల అన్న మాట గుర్తొచ్చి 3 రెక్కలూ కొలిస్తే మూడోది మిగతా రెండింటితో కలవలేదు. ఒక పన్ను పక్కకి కూర్చుంది. అలాగే నీళ్ళలోకి దించి ఉంటే షాఫ్ట్ అదురుడుకి ఏమయ్యేదో. మళ్ళీ విప్పి సరిచేశాం. 20తో 3,310 వచ్చింది, పొగ చాలావరకు పోయింది, 6.6 నాట్లు. నాకు నిద్ర పట్టలేదు, ఇంకా 290 తక్కువ. పడవ ఇంకా యార్డు పక్కనే ఉంది కాబట్టి వాళ్ళు రెండోసారి సగం ధరకే ఎత్తారు. 18 పెట్టాం.

3,580. పొగ లేదు. స్పీడ్ అదే 6.6 నాట్లు, ఒక్క గీత కూడా తగ్గలేదు. ఇదివరకు 2,000లో వచ్చే 5.3 నాట్లకి ఇప్పుడు 2,350 కావాలి. శబ్దం కొంచెం పెరిగింది, కానీ ఇంజన్ గొంతు మారింది. ముక్కడం లేదు.

రివర్స్ గురించి ఎవరూ అడగలేదు గానీ అది నాకు ఎక్కువ నచ్చింది. మామూలు ప్రొపెల్లర్ వెనక్కి తిరిగితే రెక్క వీపు వైపుతో నీళ్ళు నెడుతుంది. ఇది రెక్కనే పూర్తిగా తిప్పేసుకుంటుంది, వెనక్కి కూడా అదే అంచు నీళ్ళని కోస్తుంది. జెట్టీ దగ్గర పడవ టక్కున ఆగుతోంది.

సెకండ్ఇంజనీర్_చిత్తూరు:
చాలా సంతోషం అన్నా. 3,580 అంటే ఇంకేం ముట్టుకోవద్దు. ముందుకీ వెనక్కీ మార్చేటప్పుడు ఐడిల్‌కి తెచ్చి ఒక్క క్షణం ఆగి మార్చండి, లేకపోతే ఆ గేరు పళ్ళ మీద దెబ్బ పడుతుంది.

తెరచాప ఎత్తాక రెక్కల్ని నీటి వరసలోకి ఎలా తిప్పుతున్నారు?

తెరచాప_తిరుపతి:
2, 3 నాట్ల స్పీడ్‌లో ముందు గేర్‌లోనే ఉంచి ఇంజన్ ఆపుతున్నాం. ఆగాక షాఫ్ట్ ఇంకా తిరుగుతుంటే రివర్స్‌లో వేస్తే నిలబడుతుంది. నిలబడగానే నీళ్ళే రెక్కల్ని వరసలోకి తిప్పేస్తాయి. మొన్న 10 నాట్ల గాలిలో షాఫ్ట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా, కదలకుండా ఉంది. మళ్ళీ స్టార్ట్ చేసేముందు గేర్ తియ్యడం మర్చిపోకుండా తాళంచెవికి ఎర్ర గుడ్డముక్క కట్టాం.

సూళ్ళూరుపేట_పడవ:
అనోడ్ (ప్రొపెల్లర్‌ని ఉప్పునీళ్ళు తినకుండా తాను అరిగిపోయే లోహపు ముక్క) చూసుకుంటున్నారా? వానాకాలం కొచ్చి కాలువల్లో ఉప్పు తగ్గుతుంది, జింక్ అక్కడ మందగిస్తుంది. అల్యూమినియంది పెట్టుకోండి. గుల్లలు హబ్ సందుల్లో పడితే రెక్క తిరగదు, నెలకోసారి దిగి చెయ్యి పెట్టి తిప్పి చూడాలి.

తెరచాప_తిరుపతి:
అల్యూమినియం ఆర్డర్ పెట్టాను. బావ ప్రతి నెలా మొదటి ఆదివారం దిగుతానన్నారు. పుల్లర్‌కి నూనె రాసి మళ్ళీ గోనెసంచిలో చుట్టాను, వచ్చే వారం చిత్తూరులో దిగి పాకాల అన్నకి ఇచ్చేస్తాను. ఇంకెవరికైనా 25 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కి కావాలంటే ఆయన్ని అడగండి.